సముద్రానికి పుల్ల గుచ్చిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు చాలానే ఉండేవి గానీ, నాకు తెలియదన్న ఒక్క విషయం మాత్రం అస్సలు తెలియదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, బోధన్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుద్యోగం, చేతిలో కొత్త డ్రైవింగ్ లైసెన్సు. అన్నిటికీ మించి నేను లస్కర్ బిడ్డను. నిజాంసాగర్ కాలువల మీద గేట్లు ఎత్తి దించే ఉద్యోగిని మా వైపు లస్కర్ అంటారు. వర్ని దగ్గర ఒక తూము, దాని కింది పిల్లకాలువలన్నీ మా బాపు చేతిలో ఉండేవి. ఎవరి పొలానికి ఏ వారం వంతు, ఎన్ని గంటలు పారాలి అన్నది కాగితం చూడకుండా చెప్పేవాడు. నాట్ల కాలం వచ్చిందంటే పెద్ద పెద్ద ఆసాములు కూడా మా వాకిట్లో నిలబడి "అన్నా, నీళ్ళు ఎప్పుడిడుస్తున్రు?" అని అడిగిపోయేవారు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నాకు, నీళ్ళ గురించి ఎవరైనా నాలుగు ముక్కలు చెప్పబోతే నవ్వొచ్చేది. (ఇప్పుడూ వస్తుంది. కాకపోతే అప్పుడు వాళ్ళ మీద వచ్చేది, ఇప్పుడు నా మీద వస్తోంది.)

బాపు విద్యంతా ఒక వేప పుల్లలో ఉండేది. కాలువ అంచున, నీళ్ళూ మట్టీ కలిసే చోట పుల్ల గుచ్చి, ఒక బీడీ కాల్చినంత సేపు ఊరుకునేవాడు. నీళ్ళు పుల్లను దాటి పైకొస్తే పెరుగుతున్నట్టు. పుల్లను వదిలి వెనక్కి పోతే తగ్గుతున్నట్టు. తగ్గడం మొదలైందంటే పైన గేటు మూసేశారన్నమాట, ఇక మళ్ళీ వంతు వచ్చేదాకా ఎవరు మొత్తుకున్నా చుక్క రాదు. నాకు ఆరేళ్ళప్పుడే ఈ శాస్త్రమంతా నేర్పి, చివర్న ఒక మాట కూడా జోడించాడు. "మనుషులు అబద్ధాలాడుతరు బిడ్డా. నీళ్ళు ఆడయి. పుల్ల గుచ్చి సూడు, అవే చెప్తయి." ఆ మాటను నేను ఎక్కాల కంటే గట్టిగా బట్టీ పట్టాను.

అలా ఉండగా, ఎప్పుడో రాసి మర్చిపోయిన ఒక పరీక్ష ఫలితంగా విశాఖపట్నంలో ఒక ఆఫీసులో ఉద్యోగం ఇస్తున్నాం, నెలాఖరులోగా ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసి పంపమని ఇంటికి కాగితం వచ్చింది. నేను గాల్లో తేలిపోయాను. అవ్వ (మా ఇళ్ళల్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం) కళ్ళు తుడుచుకుంది. బాపు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మడిచి, దేవుడి పటం వెనక పెట్టాడు. "గా ఊరు మనకు తెల్వదు, ఆడ మనోళ్ళెవ్వరు లేరు. దసరా సెలవులకు పో. ఐదు దినాలుండు, తిరుగు, సూడు. ఏ తక్లీఫ్ లేకుంట వాపస్ వస్తే నౌకరీకి పంపిస్త. ఏదన్న అయిందనుకో, ఇగ గా కాయితం ముచ్చటే తియ్యొద్దు. బోధన్ బడే మంచిది." అన్నాడు. అంటే ఐదు రోజుల విహారయాత్ర నాకు పరీక్ష, ఫెయిలైతే జన్మంతా ఏడో తరగతి పిల్లలకు కసాగు, గసాభా. నేనేం బెదరలేదు. తిరిగి రావడానికి కూడా పరీక్షా అనుకున్నాను.

తోడు ఇద్దరు దొరికారు. ఒకరు మా బడిలోనే సోషల్ చెప్పే నా స్నేహితురాలు. ఆమెను బడిలో అందరూ 'సోషల్' అనే పిలిచేవాళ్ళం. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి బోధన్ వచ్చి స్థిరపడిన చెరుకు రైతుల మూడో తరం పిల్ల. పుట్టిందీ పెరిగిందీ బోధన్‌లోనే అయినా "మా సముద్రం, మా సముద్రం" అని ఎప్పుడూ అంటుండేది, ఆ సముద్రాన్ని తను చూసింది రెండేసార్లని తర్వాత తెలిసింది. ఆమె పిన్నీ బాబాయీ విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో ఇల్లు కట్టుకున్నారు. మా మకాం అక్కడే. రెండో తోడు హిందీ చెప్పే ఆపా (ఉర్దూలో ఆపా అంటే అక్క). నిజామాబాద్‌లో తాతల నాటి గాజుల దుకాణం ఉన్న ఇంటి ఆడపడుచు. యాభైకి దగ్గరి వయసు, రెండు మోకాళ్ళ నొప్పులు, గొంతు పెంచకుండానే నలభై మంది పిల్లలను కూర్చోబెట్టగల మనిషి. ఆమె వస్తేనే నన్ను పంపుతానని బాపు పట్టుబట్టాడు. "భాయ్ సాబ్, మీరు జర గూడ ఫికర్ చెయ్యకండ్రి. నా కండ్ల ముందే ఉంటది" అని ఆపా మాటిచ్చింది.

బయలుదేరేటప్పుడు బాపు నా సంచిలో ఒక కొబ్బరికాయ పెట్టాడు. కాలువకు నీళ్ళు వదిలే రోజు తూము దగ్గర పసుపు, కుంకుమ వేసి కొబ్బరికాయ కొట్టకుండా ఆయన గేటు చక్రం మీద చెయ్యి వెయ్యడు. "కొత్త నీళ్ళ దగ్గరికి పోతున్నవ్. ముందుగాల కొబ్బరికాయ కొట్టు, గప్పుడే అడుగు పెట్టు" అని మూడుసార్లు చెప్పాడు. రోజూ సాయంత్రం ఆరింటికి తనే ఫోన్ చేస్తానని కూడా చెప్పాడు. (మా ఇంట్లో ఫోన్ చేసేది ఆయనే, ఎత్తేది మేమే. మేం చేశామంటే ఏదో మునిగిందని అర్థం.) సికింద్రాబాద్‌లో రైలు మారి, మర్నాడు పొద్దున రాజమండ్రి దాటగానే సోషల్ యాస మారిపోయింది. అప్పటిదాకా "ఏం తింటవే?" అన్న మనిషి "ఏవండీ ఆపాగారూ, కాఫీ తీసుకుంటారా?" అంది. ఆపా నా చెవిలో "దీనికి ఏమైంది? తబియత్ మంచిగుందా?" అని అడిగింది.

పిన్ని మంచిది. బాబాయి ఇంకా మంచివాడు. అయితే ఆయన మంచితనమంతా కారు గుమ్మం దగ్గర ఆగిపోయేది. తెల్లటి కారు, కొని ఆరు నెలలు. దాన్లోకి చెప్పులతో ఎక్కకూడదు. విప్పి, డిక్కీలో ఉన్న పాత బకెట్లో పెట్టి, కాళ్ళు దులుపుకుని అప్పుడు ఎక్కాలి. అలాంటి కారు నా చేతికి ఎలా వచ్చిందంటే అదంతా సోషల్ చలవ. "దీనికి కాలువ గట్టు మీద డ్రైవింగ్ నేర్పారు బాబాయ్. ఒకవైపు కాలువ, ఇంకోవైపు పొలం, మధ్యలో ఒక్క బండి పట్టే దారి. దానిమీద నడిపినవాళ్ళు ఎక్కడైనా నడుపుతారు" అని గొప్పగా చెప్పింది. అది నిజమే. పిన్ని "ఇవ్వండి, పాపం, అంత దూరం నుంచి వచ్చారు" అంది. బాబాయి తాళం చెవిని నా అరచేతిలో పెట్టి కాసేపు వదల్లేదు.

మొదటి రెండు రోజులు నేను రాజ్యమేలాను. ఒకవైపు కొండలు, ఇంకోవైపు సముద్రం, మధ్యలో నల్లగా మెరుస్తూ రోడ్డు. మలుపు తిరిగినప్పుడల్లా సముద్రం ఒకసారి దాక్కుని మళ్ళీ ఎదురొచ్చేది. ప్రతి మలుపుకూ ఆపా "యా అల్లా" అనేది, అది భయమా సంతోషమా అని అడిగితే "రెండూ" అంది. ఎర్రమట్టి దిబ్బలు చూశాం. జీడిమామిడి తోటల్లో నడిచాం. సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఐదు నిమిషాల్లో తేరుకుని "మస్తు నీళ్ళున్నయి గని, కింద ఆయకట్టు లేదు, వేస్టు" అని తేల్చేశాను. కొబ్బరికాయ సంచిలోనే ఉండిపోయింది. ఆరింటికి బాపు ఫోన్ చేసి ఎప్పటిలాగే "నీళ్ళెట్లున్నయి?" అన్నాడు. "నిండుగున్నయి బాపు" అన్నాను. "తక్లీఫ్ ఏం లేదు గద?" "ఏం లేదు." రెండు రోజులు పాసయ్యాను.

మూడో రోజు భీమిలి. పొద్దున ఇసుక ఒడ్డున తినడం, మధ్యాహ్నం పావురాళ్ళకొండ ఎక్కడం, అదీ మా పథకం. పదిన్నరకల్లా పడవలు నిలిపి ఉన్న ఒక ఒడ్డుకు చేరుకున్నాం. చిక్కేమిటంటే, రోడ్డుకూ నీళ్ళకూ మధ్య పొడి ఇసుక. నాలుగు అడుగులు వేసేసరికి ఆపా మోకాళ్ళు మొరాయించాయి. "మీరు పోండ్రి. నేను గీడికెళ్ళే చూస్త" అని రోడ్డు పక్కన కూర్చుండిపోయింది. సముద్రంలో కాళ్ళు తడుపుకోవాలని నలభై ఏళ్ళుగా అనుకుంటున్న మనిషిని, దగ్గరికి తెచ్చి ఇంత దూరంలో కూర్చోబెట్టాలా? నాకు మనసొప్పలేదు. పడవలు దించే చోట ఇసుక గట్టిపడి బండి పట్టేంత దారి ఉంది. దానికవతల తడి ఇసుక, సిమెంటు గచ్చులా గట్టిగా. కారును నీళ్ళ దాకా తీసుకుపోతే ఆపా సీట్లోంచే కాళ్ళు తడుపుకోవచ్చు.

అయితే నేను గుడ్డిగా దూకే రకం కాదు. లస్కర్ బిడ్డను. ఒక ఎండు పుల్ల వెతికి, సముద్రం అంచున గుచ్చాను. బీడీ కాల్చను కాబట్టి రెండు అరటిపళ్ళు తిన్నాను. అలలు వస్తూ పోతూ ఉన్నాయి గానీ, ఒక్కో అల పుల్లకు ఇంకాస్త అవతలే ఆగిపోతోంది. పావుగంటకు నీటి అంచు పుల్లను విడిచి రెండు బారలు వెనక్కి పోయింది. నేను చీరకొంగు నడుముకు దోపుకుని తీర్పు చెప్పాను. "నీళ్ళు తగ్గుతున్నయి. పైన బంద్ చేసిండ్రు. ఇగ ఇయ్యాలటికి రావు." సోషల్ తల ఊపింది. (ఆమె ప్రతి ఏడూ ఎనిమిదో తరగతికి ఆటుపోట్ల పాఠం చెప్పేది. రబ్బరు బంతిని చంద్రుడిగా పట్టుకుని గ్లోబు చుట్టూ తిరిగేది. ఐదు మార్కుల ప్రశ్న. తప్పు రాసిన పిల్లలను నిలబెట్టేది. ఆ తల ఊపిన మనిషి ఈమే.)

ఒక్క ఆపా మాత్రం అటూ ఇటూ చూసి "బేటీ, గీ పడవలన్ని గంత పైన ఎందుకు పెట్టుకున్నరు?" అని అడిగింది.

"ఎండకు ఎండాలని ఆపా" అన్నాను.

"వలలు ఆరేసుకోవడానికి వీలుగా ఉంటుందండీ" అంది సోషల్.

ఇద్దరు చదువుకున్న వాళ్ళు రెండు కారణాలు చెప్పాక ఆపా ఏం చేస్తుంది? నేను కారును నీళ్ళ అంచు దాకా దించితే, గట్టి దారి వెంట మెల్లగా నడిచొచ్చింది. చెప్పులు విప్పి, డిక్కీ తెరిచే శ్రమెందుకని కారు తలుపు కిందే జతగా పెట్టి, సీట్లో కూర్చుని కాళ్ళు బయటికి చాపింది. ఒక చిన్న అల వచ్చి ఆమె పాదాలను తాకి వెళ్ళింది. ఆపా ముఖం చూసి తీరాల్సిందే. గాజుల దుకాణంలో కొత్త సరుకు విప్పినప్పుడు చిన్నపిల్లలు నవ్వినట్టు నవ్వింది. ఆ నవ్వు కోసం ఏ కారునైనా ఎక్కడైనా పెట్టొచ్చనిపించింది. అందుకే, భోజనాలయ్యేసరికి నీళ్ళు ఇంకా దూరం పోతే, నేను కారును మరో పాతిక అడుగులు ముందుకు నడిపి, చెప్పుల జతను మళ్ళీ తలుపు కింద పెట్టి, ఆమె కాళ్ళ దగ్గరికి సముద్రాన్ని తెచ్చాను. సముద్రం వెంట పడి కారు నడిపిన మనిషిని మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

రెండున్నరకు ఆపాను కారులోనే పడుకోమని, అద్దాలు దించి, ఫ్లాస్కులో చాయ్, డబ్బాలో సకినాలు చేతికందేలా పెట్టి మేమిద్దరం కొండకు బయలుదేరాం. మెట్లూ రాళ్ళ దారీ కలిసి ఉన్న ఎక్కుడు. సోషల్ ప్రతి ఇరవై అడుగులకూ ఆగి ఫోటో తీసుకునేది (ఆయాసం అనడానికి నామోషీ). పైకెక్కి చూస్తే భీమిలి అంతా అరచేతిలో ఉన్నట్టుంది. పెంకుటిళ్ళు, నది వచ్చి సముద్రంలో కలిసే చోటు, నీలంగా అంచు కనబడని నీళ్ళు. ఆ గాలికి నేను ఆ క్షణాన్నే మనసులో సంతకం పెట్టేశాను. ఈ ఊళ్ళో ఉద్యోగం చేస్తాను, ప్రతి ఆదివారం ఈ కొండ ఎక్కుతాను. రెండ్రోజులు గడిస్తే చాలు.

"ఇటు చూడవే, మన కారు! అగ్గిపెట్టంత ఉంది. ఎంత ముద్దుగుందో!" అంది సోషల్, ఫోన్‌తో ఫోటో తీస్తూ. తర్వాత ఫోటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. "కారుకి అటుపక్క కూడా నీళ్ళున్నాయేంటి?" అంది. నేను చూశాను. తెల్లటి అగ్గిపెట్టెకు మూడు పక్కలా నురగ. పుల్ల గుచ్చిన చోటు ఎప్పుడో మాయమైంది. సోషల్ ముఖంలో రంగు పోయింది. రబ్బరు బంతి, గ్లోబు, ఎనిమిదో తరగతి, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి. "ఆటుపోట్లు" అంది నీరసంగా. "రోజుకి రెండుసార్లు."

"గది ఇప్పుడు చెప్తున్నవా!" అని అరిచి ఆపాకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక నిద్ర గొంతుతో ఎత్తింది.

"ఆపా, నీళ్ళేడున్నయి?"

"ఏడుంటయి బేటీ, సముద్రంల ఉన్నయి." తలుపు తెరిచిన శబ్దం. తర్వాత ఎంతో శాంతంగా, "నా చెప్పులేడ పోయినయి?"

ఆ కొండను ఎక్కడానికి మాకు ముప్పావుగంట పట్టింది. దిగడానికి ఎంత పట్టిందో చూసుకునే తీరిక లేదు. దారి పొడుగునా నేను తలుచుకోని దేవుడు లేడు. కారు కంటే ముందు ఆపా గుండెల్లో మెదిలింది. ఒడ్డుకు చేరేసరికి ఆపా పడవ అంచున కూర్చుని ఉంది, ఉట్టి కాళ్ళతో. పక్కన మా మూడు సంచులు, చాప, ఫ్లాస్కు, సకినాల డబ్బా, టిఫిన్ క్యారియర్, ఆఖరికి బాబాయి స్టీరింగ్ మీద కప్పే తువ్వాలు కూడా. మూడుసార్లు నీళ్ళలోకి వెళ్ళి మోసుకొచ్చిందట. నేను ఆమెను గట్టిగా పట్టుకుని ఏడ్చేశాను. "మోకాళ్ళు, ఆపా?" అంటే "గప్పుడు యాదికి రాలే. ఇప్పుడు వస్తున్నయి" అంది.

కారు పరిస్థితి వేరు. ప్రతి అల ముందు చక్రాల కింది ఇసుకను కొంచెం కొంచెం లాక్కుపోతోంది. ముక్కు కిందికి వంగింది. నేను ఉరికి వెళ్ళి స్టార్ట్ చేసి రివర్స్ వేసి గట్టిగా తొక్కాను. చక్రాలు గిర్రున తిరిగి జానెడు లోతుకు దిగాయి. మళ్ళీ తొక్కాను, ఇంకో జానెడు. ఇంతలో వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలి తాత, ఇంకో ఐదారుగురు మత్స్యకారులు పరుగున వచ్చారు. "ఏటి తల్లీ, పోటొచ్చీ ఏలకి కారు ఇక్కడెట్టీసినారేటి? ఇంకో రెండు మూడు గంటలు పెరుగుద్ది ఇది" అన్నాడు తాత. అందరూ కలిసి నెట్టారు. అంగుళం కదల్లేదు. ట్రాక్టరు ఉన్నాయన అన్నవరం పెళ్ళికి పోయాడట.

నాకు అప్పుడు ఒకటే గుర్తొచ్చింది. ప్రతి ఏడూ మా కాలువలో ఎవరిదో ఒక ట్రాక్టరో ఎడ్లబండో దిగబడుతుంది. ప్రతిసారీ జనం మా బాపు కోసమే వస్తారు. ఇలాంటి వాటిని బయటికి తియ్యడం ఆయనకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. ఫోన్ చేస్తే చాలు. కానీ ఫోన్ చేశానంటే ఉద్యోగం ఆ నీళ్ళలోనే పోయింది. సోషల్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె గొంతు మళ్ళీ బోధన్‌కు వచ్చేసింది. "వద్దే. బాపుకు చెప్పకు. బాబాయికి నేను చెప్పుకుంట. నీ నౌకరీ పోతది." ఆపా నా వైపు చూసింది అంతే. ఒక అల వచ్చి నంబరు ప్లేటును ముంచేసింది. నేను ఫోన్ చేశాను.

"ఆరు కాలే" అన్నాడు బాపు, ఎత్తగానే. "ఏం మునిగింది?"

చెప్పాను. పుల్లతో సహా చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయ్యాక అడిగాడు. "ఎవలకన్న దెబ్బలు తాకినయా?"

"లేదు బాపు."

"ఆపాకు?"

"మంచిగుంది. చెప్పులు కొట్టుకపోయినయి."

"సరే. ఇంజన్ బంద్ చెయ్యి. తొక్కినకొద్ది తొవ్వుకుంటది. ఫోను గట్టిగ పెట్టు, అందరికి ఇనవడాలె."

ఇక మొదలైంది. వర్నిలో కాలువ గట్టు మీద నిలబడి ఆయన, భీమిలి ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో మేము. నాలుగు చక్రాల్లో సగం గాలి తీయించాడు. చక్రాల వెనక చేతులతో ఇసుక తోడించాడు. తాటాకులు, మా చాప, పాత వలలు, ఏది దొరికితే అది పరిపించాడు. వెనక కొక్కేనికి మోకు కట్టించాడు. అన్నీ అయ్యాక ఒక్కచోట పేచీ వచ్చింది. "నీళ్ళు వెనకకు పోయినప్పుడు గుంజుండ్రి" అంటాడు బాపు. "కాదు బావూ, అలొచ్చినప్పుడు బండి తేలికౌద్ది, అప్పుడే లాగాల" అంటాడు తాత. ఒకరు నలభై ఏళ్ళుగా కాలువ చూసినవారు, ఒకరు అరవై ఏళ్ళుగా సముద్రం చూసినవారు. మధ్యలో ఫోన్ పట్టుకుని నేను. చివరికి బాపు అన్నాడు, "గా నీళ్ళు నీయి పెద్దమనిషీ. నువ్వు చెప్పినట్లే కానీ." ఆయన నీళ్ళ విషయంలో ఇంకొకరి మాట ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. తర్వాత కూడా వినలేదు.

నాలుగో అలకు కారు కదిలింది. ఆరో అలకు తాటాకుల మీదికెక్కింది. అందరూ "హైసా" అంటుంటే ఆపా కూడా పడవ మీదినుంచి "హైసా" అంది. పొడి ఇసుక దాటి పడవల పక్కన కారు నిలబడ్డాక నేను ఇసుకలో చతికిలబడ్డాను. ఫోన్లో బాపు తాతను అడుగుతున్నాడు. "అంతా మంచిగనే ఉన్నది గని, గిప్పుడు గీ గేటు ఎవలు తీసిండ్రు?"

"సెందమామ బావూ. రోజూ రెండుసార్లు ఆడే లాగుతాడు, ఆడే ఒగ్గేత్తాడు."

బాపు వదల్లేదు. "గంత పెద్ద గేటు ఒక్కడేనా? సెలవు గిట్ల దొరుకుతదా?"

"అమాస నాడు ఔపడ్డు గానీ, పన్జేత్తూనే ఉంటాడు."

"గా లస్కర్ నాకంటె సీనియర్" అని గౌరవంగా ఒప్పుకున్నాడు బాపు. తర్వాత నన్ను అడిగాడు. "కొబ్బరికాయ కొట్టినవా?" "సంచిలనే ఉన్నది బాపు" అన్నాను. "గదీ సంగతి" అన్నాడు, మొత్తం అర్థమైపోయినట్టు. అప్పుడు కొట్టాం ఆ కాయ. తలా ఒక ముక్క తిన్నాం. బాబాయి ఆ సాయంత్రం కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, తలుపు తెరిచి, కింద కార్పెట్టు మీద చిన్న పీతను చూసి, "పర్లేదమ్మా, దానికీ సముద్రస్నానం అయింది" అన్నాడు. మంచివాడని చెప్పాను కదా. మిగతా రెండు రోజులూ కారును మంచినీళ్ళతో కడుగుతూనే ఉన్నాడు, మేము బస్సులో తిరిగాం.

ఇంటికొచ్చాక బాపు రెండు రోజులు ఆ మాటే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. దేవుడి పటం వెనక కాగితం అంచు కనబడుతూనే ఉంది, నేను అటు చూడకుండా దీపం పెట్టేదాన్ని. ఫెయిలైన పిల్లలకు ఎలా ఉంటుందో లెక్కల టీచర్‌కు అప్పుడు తెలిసొచ్చింది. మూడో రోజు సాయంత్రం చాయ్ తీసుకుని తూము దగ్గరికి పోతే, గేటు చక్రం తిప్పుతూ, నా వైపు చూడకుండా అడిగాడు. "కాయితం మీద సంతకం పెట్టినవా?"

"లేదు బాపు. ఏదన్న అయితే ముచ్చటే తియ్యొద్దంటివి గద."

"అయింది. మస్తు అయింది." చక్రం తిప్పడం ఆపాడు. "గని నువ్వు ఆరు దాక ఆగలె. నాలుగున్నరకే ఫోన్ చేసినవ్. నీకేదో అయితదని కాదు బిడ్డా నా బుగులు. అయితే నాకు చెప్పవని. చెప్తవని ఎరుకైంది. ఇగ పో."

నేను అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన చాయ్ తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. "గా పెద్దమనిషి నంబర్ నా దగ్గరున్నది. యాది పెట్టుకో" అని బెదిరించాడు కూడా.

అది ఉత్త బెదిరింపు కాదని ఈ పదిహేనేళ్ళలో తెలిసింది. ఆ తాతా మా బాపూ ఒకరినొకరు ఇంతవరకు చూసుకోలేదు. అయినా రోజూ మాట్లాడుకుంటారు. వర్ని చాయ్ హోటల్లో ఇప్పుడు సముద్రానికి ఏ వేళకు పోటో, ఏ వేళకు పాటో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మా బాపు. రిటైరైనా గేటు మీది మనసు పోలేదు. నేనుండేది విశాఖపట్నంలో మూడో అంతస్తు. కారు పెట్టేది అపార్ట్‌మెంట్ సెల్లార్లో, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో. అయినా ఆరయ్యేసరికి ఫోన్ మోగుతుంది. "ఇయ్యాల పున్నమి. పోటు మస్తుంటదట. బండి పైన పెట్టినవా?" "పెట్టిన బాపు." ఆపా నిజామాబాద్ నుంచి ఏడాదికోసారి వస్తుంది, ప్రతిసారీ కొత్త చెప్పులు చూపించి, వాటిని చేతిలో పట్టుకునే ఒడ్డుకు దిగుతుంది.

మొన్న ఆదివారం ఒక్కదాన్నే భీమిలి వెళ్ళాను. కారు రోడ్డు మీదే వదిలేశాను. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, పాత అలవాటు కొద్దీ నీళ్ళ అంచున ఒక పుల్ల గుచ్చి కూర్చున్నాను. పాతికేళ్ళైనా నిండని ఆ లెక్కల టీచరు గుర్తొచ్చింది. నడుముకు కొంగు దోపుకుని, సముద్రానికి తీర్పు చెప్పిన ఆ ధైర్యం ఇప్పుడు నాకు లేదు. ఉంటే బాగుండుననిపిస్తుంది అప్పుడప్పుడు. ఇంతలో ఆరైంది, ఫోన్ మోగింది.

"నీళ్ళెట్లున్నయి బిడ్డా?"

పుల్ల వైపు చూశాను. అంచు రెండు బారలు వెనక్కి పోయి ఉంది. "తగ్గుతున్నయి బాపు."

"నమ్మకు" అన్నాడు బాపు.